సిరీస్ చూసిన మరదలు, పుస్తకాలు చదివిన బావ

మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఈ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. రాసినవారికి 34 ఏళ్లు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. కుదించి చెప్తే సంగతి ఇది.

2012లో, డిగ్రీ ఆఖరి ఏడాదిలో, ఒక ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' మొదటి పుస్తకం ఆయనకు దొరికింది. 150 రూపాయలు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిక్షనరీ పక్కన పెట్టుకుని, మార్జిన్లలో పెన్సిల్‌తో అర్థాలు రాసుకుంటూ చదివారు. మొదటి పుస్తకానికి ఐదు నెలలు పట్టింది. ఆ తర్వాతివి కొంచెం త్వరగా సాగాయి. పీజీ హాస్టల్లో ఒకడు ఆ పుస్తకం లాక్కుని, "తెలుగు మీడియంగానివి, నీకిది అర్థమైతదా?" అని నవ్వాడట. ఆ మాట ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. 2013 జూన్‌లో, ఈ పుస్తకాల మీద తీసిన టీవీ సిరీస్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో ఆ పేరుమోసిన పెళ్లి విందు ఎపిసోడ్ వచ్చినప్పుడు, గదిలో పదిమంది ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చుంటే తాను మాత్రం స్క్రీన్ వదిలేసి వాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నానని రాశారు. నాలుగు సీజన్లు చూశాక, పుస్తకాన్ని పాడు చేస్తున్నారని కోపం వచ్చి సిరీస్ ఆపేశారు. ఇంట్లో ఈ గోల ఎవరికీ పట్టేది కాదు.

ఏడాదిన్నర కింద తమ్ముడి పెళ్లయింది. మరదలిది వనపర్తి వైపు. 27 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఎనిమిది సీజన్లూ చూసిన మనిషి. నెలకోసారి ఇంటికి వచ్చినప్పుడు రాత్రి భోజనాలయ్యాక డాబా మీద ఆ కథ చెప్పడం మొదలుపెట్టింది. అత్తగారు, మేనత్త, డిగ్రీ చదివే చిన్నాన్న పిల్లలు చుట్టూ చేరేవాళ్లు. "గోడ అవతల సచ్చినోళ్లు లేసి నడుస్తుంటరు అత్తమ్మా. ఇవతలోళ్లేమో కుర్సీ కోసం కొట్టుకుంటుంటరు" అని ఆ పిల్ల చెప్తుంటే అందరూ నవ్వేవారు. పాఠకుడి అమ్మగారు, కథలో డ్రాగన్లను పెంచే డనేరిస్‌కు 'రెక్కల పాముల పిల్ల' అని పేరు పెట్టుకున్నారు.

దసరా రాత్రి. జమ్మి పెట్టుకోవడాలు, మొక్కడాలు అయిపోయాయి. డాబా మీద పద్నాలుగు మంది. "బిడ్డా, ఆ రెక్కల పాముల పిల్ల సముద్రం దాటిందా లేదా?" అని అమ్మగారు మరదలిని అడిగారు. అప్పుడు మన పాఠకుడు మధ్యలో కల్పించుకున్నారు. "నువ్వు పుస్తకాలు చదివినవా?" "లేదు బావా, ఈ నెలల మొదలుపెడ్దామనుకుంటున్న." వరసగా మూడు ప్రశ్నలు వేశారు. మొదటి బ్లాక్‌ఫైర్ తిరుగుబాటు ఏ సంవత్సరంలో జరిగింది? టార్గేరియన్ రాజులను వరసగా చెప్పగలవా? మూడోది, పుస్తకాల్లో ఉండి సిరీస్‌లో లేని ఒక పాత్ర గురించి. మూడింటికీ "తెల్వదు బావా" అనే జవాబు. "అట్లయితే టీవీల రామాయణం చూసినోళ్లంత పండితులే" అన్నారు ఈయన. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల కిందికి వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. పొద్దున్నే తమ్ముడూ ఆమే హైదరాబాద్ బస్సెక్కారు. దీపావళికి వచ్చినా తలనొప్పి అని గదిలోనే ఉంది. తమ్ముడి ఫోన్లు పొట్టివైపోయాయి. భార్య "మీకిది అవసరమా?" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. అమ్మగారు మాత్రం ఇంకా అడుగుతున్నారు: "ఆ పిల్ల మళ్ల కథ చెప్పదా?"

పాఠకుడి ప్రశ్న: "నిజమైన అభిమాని అంటే ఎవరు? ఇన్నేళ్లు ఈ పుస్తకాలతో బతికిన నేనూ, మూడు నెలల్లో సిరీస్ చూసేసిన మనిషీ ఒకటేనా? నేను అన్నదాంట్లో తప్పు లేదనే నా నమ్మకం. క్షమాపణ చెప్తే ఆ నమ్మకం అబద్ధమైనట్టు కాదా? చెప్పకపోతే ఇల్లు ఇట్లనే ఉంటదా?"

*

మీరు అడిగిన మూడో ప్రశ్న దగ్గర మొదలుపెడతాను. ఉత్తరంలో మీరు దాన్ని ఉన్నదున్నట్టు రాశారు. నేను అచ్చు వేయలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న చదివితే చాలు, మూడో పుస్తకం చివర ఏం కాబోతోందో సగం తెలిసిపోతుంది. ఈ పేజీ చదివేవాళ్లలో ఒక్కరైనా ఇప్పుడే ఆ పుస్తకాలు పట్టుకుని ఉండొచ్చు. మీ మరదలు "ఈ నెలల మొదలుపెడ్దామనుకుంటున్న" అని చెప్పిన అరనిమిషానికే మీరు ఆ ప్రశ్న వేశారు. ఆమెకు జవాబు తెలియకపోవడం సరే. ఆమె తనంతట తాను ఆ పేజీకి చేరి ఉలిక్కిపడే అవకాశాన్ని మీరు ఆ రాత్రి తీసేసుకున్నారు. ఈ నష్టం మీ ఉత్తరంలో ఎక్కడా లెక్కలోకి రాలేదు.

అదే మీరు 2013లో ఎలా ఉన్నారో చూడండి. ఆ పెళ్లి విందు ఉన్న పుస్తకం 2000లో వచ్చింది. సిరీస్‌లో అది కనబడేసరికి 13 ఏళ్లు గడిచాయి. అంతకాలం చదివినవాళ్లలో ఎక్కువమంది చూసేవాళ్లకు చెప్పకుండా నోరు కట్టుకున్నారు. ఆ రాత్రి ఎపిసోడ్ చూస్తున్న స్నేహితుల మొహాలను పక్కనుంచి ఫోన్లలో తీసి పెట్టుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మీరూ హాస్టల్ గదిలో అదే పని చేశారు. పదిమందికి తెలియనిది మీకు తెలుసు, అయినా నోరు మెదపలేదు. ఉత్తరం మొత్తంలో మీరు సంతోషంగా ఉన్నట్టు నాకు కనిపించింది ఆ రెండు వాక్యాల్లోనే. 'నిజమైన అభిమాని ఎవరు' అని నన్ను ఒక మనిషిని చూపించమంటే, ఆ రాత్రి లోపల నవ్వుకుంటూ కూర్చున్న ఆ కుర్రవాడినే చూపిస్తాను. దసరా రాత్రి డాబా మీద ఉన్నది అతను కాదు.

ఇక మొదటి రెండు ప్రశ్నలు. సంవత్సరాలు, రాజుల వరసలు. ఇవి తెలిసి ఉండటం మీకు గర్వం, ఉండాల్సిందే. కానీ వాటితో అభిమానాన్ని కొలిస్తే ముందు ఇరుక్కునేది రచయితే. మార్టిన్ తన కథలోని సంగతులు సరిచూసుకోవడానికి ఎలియో గార్సియా అనే అభిమానిని అడుగుతుంటానని తానే చెప్పుకున్నాడు. ఆ గార్సియా, లిండా ఆంటన్సన్ అనే ఇంకో అభిమాని కలిసి ఆయనతో పాటు 2014లో ఆ లోకపు చరిత్ర పుస్తకం ఒకటి తెచ్చారు కూడా. పాత్రల కళ్ల రంగులు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడ్డాయని, ఒక గుర్రం ఒక పుస్తకంలో మగది, మరో పుస్తకంలో ఆడది అయిందని ఆయనే ఒప్పుకున్నాడు. రేపు ఆయన పాలమూరు వచ్చి మీ డాబా మీద కూర్చుంటే మీరు పెట్టే పరీక్షలో పాసవుతాడని నాకు నమ్మకం లేదు. ఆయన్ని ఏమంటారు మరి? ఫేక్ ఫ్యాన్ అంటారా?

సిరీస్ పుస్తకాన్ని పాడు చేసిందన్నది మీ అభిప్రాయం. నాకూ ఎనిమిదో సీజన్ మీద కోపముంది. ఆఖరి సీజన్ మళ్లీ తీయమని పది లక్షల మందికి పైగా ఆన్‌లైన్ అర్జీ మీద సంతకాలు పెట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. నేను పెట్టలేదు గానీ పెట్టినవాళ్లను తప్పుపట్టను. అయితే మీరు చూసిన ఆ నాలుగు సీజన్లలోనూ సీజన్‌కు ఒక ఎపిసోడ్ మార్టినే రాశాడు. కాబట్టి సిరీస్‌ను మొత్తంగా ఎవరో పరాయివాళ్ల పని అని కొట్టేయడం కుదరదు. తర్వాత కథ పుస్తకాలను దాటి ముందుకెళ్లిపోయింది. 73 ఎపిసోడ్లతో 2019 మేలో ముగిసింది. ఐదో పుస్తకం 2011 జులైలో వచ్చింది, ఆరోది రాలేదు. ఇప్పుడు లెక్క చూడండి. మీ ఇద్దరిలో ఏదో ఒక ముగింపు దాకా కళ్లతో చూసుకుంటూ వెళ్లింది ఆమె. మీరు నాలుగో సీజన్ దగ్గర దిగిపోయారు, పుస్తకాలేమో ఐదో దాని దగ్గర ఆగి ఉన్నాయి. ఐదో సీజన్ నుంచి మూడు ప్రశ్నలు ఆమె వేసి ఉంటే, "తెల్వదు" అనాల్సిన వంతు మీది.

కానీ ఆమె వేయలేదు. ఎందుకు వేయలేదో మీకు తెలుసు. మన ఇళ్లలో తమ్ముడి భార్యకు బావ అంటే ఎదురు కూర్చుని వాదించే మనిషి కాదు. మీ స్నేహితుడు అదే ప్రశ్న వేస్తే "నీ బొంద, నువ్వు చెప్పు చూద్దాం" అనేవాడు, ఇద్దరూ నవ్వుకునేవారు. ఆమెకు ఆ వీలు లేదు. అత్తగారు, మేనత్త, పద్నాలుగు మంది, పండగ రాత్రి. కొత్త కోడలికి ఆ ఇంట్లో దొరికిన మొదటి సొంత చోటు ఆ డాబా అయి ఉంటుంది. మీరు అడిగింది క్విజ్ అనుకున్నారు. ఆమెకు అది నిలదీయడంలా వినిపించింది. తిరిగి ఒక్క మాట అనలేని మనిషిని ప్రశ్నలు అడగడం పోటీ ఎలా అవుతుంది?

ఇంకో సంగతి కూడా చూడండి. ఆ కథలో అత్తగారి ముందు నోరు తెరిచి చెప్పలేని పచ్చి సంగతులు ఎన్ని ఉన్నాయో మీకంటే బాగా ఎవరికి తెలుసు? వాటన్నిటినీ దాటించుకుంటూ, కథ తెగిపోకుండా, మేనత్త కూడా కదలకుండా కూర్చునేలా చెప్పుకొచ్చింది ఆ పిల్ల. గోడను, కుర్సీని మన మాటల్లోకి దించింది. ఇంటర్ పిల్లలకు న్యూటన్ సూత్రాలు చెప్పే మీకు ఇది ఎంత కష్టమైన పనో నేను చెప్పక్కర్లేదు.

మాది నాగర్‌కర్నూల్ పక్క ఒక ఊరు. నా చిన్నతనంలో చలికాలం చిందు భాగవతం వాళ్లు వచ్చి రాత్రుళ్లు ఆడేవారు. పెట్రోమాక్స్ లైటు, బొంత కప్పుకుని ముందు వరసలో మా నానమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. నన్నయ ఎవరో, తిక్కన ఎవరో తెలియదు. ఒక రాత్రి అభిమన్యుడి కథ. వేషగాడు చలికో అలసటకో ఒక పాట ఎగరగొట్టి ముందుకు పోబోయాడు. "ఏం బిడ్డా, సైంధవుని పాట ఎక్కడ పాయె?" అని అరిచింది నానమ్మ. అతను నవ్వి, వెనక్కి వెళ్లి, ఆ పాట అందుకున్నాడు. నేను ఆమె కొంగు లాగి "సైంధవుడెవరు నానమ్మా? ఏం చేస్తడు?" అని అడిగాను. నా నోటి మీద చెయ్యి పెట్టి "చూడు. నేను చెప్తే ఏముంటది?" అంది. పొద్దున్నే వాళ్లు ఇంటి ముందుకు వస్తే చేటలో జొన్నలు నింపి పోసింది.

అదే మనిషి ఒకే రాత్రి తెలిసినవాడిని దబాయించింది, ఏమీ తెలియని నా నోరు మూసింది. మీ జ్ఞానం అంతా దాచుకోమని నేను అనడం లేదని చెప్పడానికే ఇది రాశాను. వేషగాడు పాట ఎగరగొడితే అడగాలి. మీ మరదలు ఏదైనా పాత్రను తారుమారు చేసి చెప్పి ఉంటే, "అది గాదేమో చూడు" అనే హక్కు మీకుంది. కానీ మీ ఉత్తరంలో ఆమె ఒక్క తప్పు చెప్పిందని కూడా ఎక్కడా లేదు.

పుస్తకం ఉంటేనే కథ అసలుదన్న మీ పట్టుదల మీద కూడా కాస్త పేచీ పెట్టుకుంటాను. మన పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఏ పుస్తకంలోంచి వచ్చింది? కిన్నెర మెట్ల మీద, డక్కలి వాళ్ల గొంతుల్లో బతికింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక చాలామంది మొదటిసారి ఆ పేరు విన్నారు. అలా విన్నవాళ్లు సాయన్నను అభిమానించకూడదా? భారతం సంగతే తీసుకోండి. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో మిగిలిన ముక్క ఎర్రన వచ్చి పూరించేదాకా అలాగే ఉంది. పదకొండో శతాబ్దంలో మొదలైన పని పద్నాలుగో శతాబ్దంలో గానీ పూర్తి కాలేదు. ఆరో పుస్తకం కోసం మీరు ఎదురుచూస్తున్నారు, నిజమే. మన తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

సరే. ఇప్పటిదాకా చెప్పింది మీరు అడిగిన ప్రశ్నకు. మీరు అడగని దాని గురించి రెండు మాటలు.

మీ ఉత్తరంలో రెండు చోట్ల పెన్ను గట్టిగా నొక్కి రాశారు, కాగితం వెనక వైపు అచ్చు పడింది. ఒకటి, హాస్టల్లో పుస్తకం లాక్కున్న వాడి మాట. రెండోది, అమ్మగారు మరదలిని అడిగిన ప్రశ్న. తెలుగు మీడియం నుంచి వచ్చి, ఐదు లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాలను డిక్షనరీతో ఈదడం చిన్న సంగతి కాదు. దానికి ఎవరూ మీకు శాలువా కప్పలేదు. ఇంట్లో ఒక్కరు కూడా "ఏముంది రా అందులో?" అని అడగలేదు. ఇన్నేళ్లకు మీ అమ్మగారు అడిగారు. అడిగింది మిమ్మల్ని కాదు, మూడు నెలల్లో సిరీస్ చూసిన పిల్లని. మీ మూడు ప్రశ్నలూ ఆమె వైపు తిరిగి ఉన్నాయి గానీ, వెళ్లింది హాస్టల్ గదిలోకి. ఆ రోజు వాడు మిమ్మల్ని "నీకిది అర్థమైతదా?" అని అడిగాడు. దసరా రాత్రి మీరు ఆమెను అడిగింది కూడా దాదాపు అదే.

ఇది మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. ఆ నొప్పి నిజమైనదే. దాన్ని మరదలి అభిమానం అసలుదా నకిలీదా అనే తగువు కింద పెడితే అది ఎప్పటికీ తీరదు. అందుకే విడదీస్తున్నాను.

ఇక ఏం చేయొచ్చు అన్నది.

ఏమీ చేయకుండా ఉండొచ్చు. చాలా ఇళ్లలో ఇదే చేస్తారు, కొన్నిసార్లు సర్దుకుంటుంది కూడా. సంక్రాంతికి వస్తారు, సకినాలు తింటారు, మీతో "బాగున్నరా బావా" అంటుంది, మీరూ "ఆ, బాగున్న" అంటారు. బయటికి ఏమీ కనపడదు. కానీ డాబా మీద కథ మాత్రం మళ్లీ మొదలవదు. తమ్ముడు భార్య పక్కన నిలబడతాడు, నిలబడాలి కూడా. అంటే మీకు పొట్టి ఫోన్లే గతి. అమ్మగారికి సముద్రం దాటిందా లేదా తెలియకుండా పోతుంది. మీరు నోరు మూసుకోవడంలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది ఆ పెద్దావిడే.

క్షమాపణ చెప్పొచ్చు. చెప్తే మీ నమ్మకం అబద్ధమవుతుందని భయపడుతున్నారు. అవదు. 'పుస్తకాలు చదివితేనే పూర్తిగా తెలుస్తుంది' అన్న అభిప్రాయం మీరు ఉంచుకోండి. తప్పు ఎక్కడంటే, పద్నాలుగు మంది ముందు పరీక్ష పెట్టడం, చివర ఆ రామాయణం మాట. వాటికి చెప్పండి. "దసరా నాడు నేను అట్ల అడగకుండ ఉండాల్సింది. మూడో ప్రశ్నతోని నీకు కథ కూడ చెడగొట్టిన. తప్పు నాదే." ఇంతే. దీని తర్వాత "కానీ" అనే మాట వచ్చిందంటే చెప్పనట్టే లెక్క.

ఎక్కడ చెప్పాలన్నది చిక్కు. అవమానం అందరి ముందూ జరిగింది. వంటింట్లో ఎవరూ లేనప్పుడు గొణిగితే మీకు భారం దిగుతుంది, ఆమెకు పోయిన పరువు తిరిగి రాదు. అలాగని మళ్లీ అందరినీ పోగేసి బావ తమ్ముడి భార్యకు క్షమాపణ చెప్తే, మేనత్త "అయ్యో, పెద్దోడివి నువ్వెందుకు" అని మొదలుపెడుతుంది, ఆ పిల్ల ఇంకా ఇరుకున పడుతుంది. కాబట్టి మీ అమ్మగారు, తమ్ముడు, మీ భార్య ఉన్నప్పుడు, మామూలుగా కూర్చున్నప్పుడు చెప్పడం నాకు మేలనిపిస్తుంది. డిగ్రీ చదివే పిల్లలకు మీరే తర్వాత చెప్పండి, అన్న తప్పు మాట్లాడాడని. వాళ్లు ఆ రాత్రి మిమ్మల్ని చూసి ఏం నేర్చుకున్నారో, అది కూడా కొంచెం దిద్దాలి కదా.

తమ్ముడితో ముందు మాట్లాడటం ఇంకో దారి. సులువైనదే. కానీ అతన్ని రాయబారిగా పంపకండి. "అన్న ఫీలైతున్నడు" అని అతను ఆమెకు చెప్తే, ఇప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది.

పుస్తకం ఇవ్వడం మీకు తోచే ఉంటుంది. జాగ్రత్త. కొత్త సెట్టు కొని చేతిలో పెడితే, "ముందు చదువుకుని రా, తర్వాత మాట్లాడు" అన్నట్టే ఉంటుంది. అయితే మీ దగ్గర ఇంకోటి ఉంది. ఆబిడ్స్‌లో కొన్న ఆ మొదటి పుస్తకం, మార్జిన్ల నిండా పెన్సిల్ అర్థాలతో. అది ఆమె చేతికి వెళ్తే ఆమెకు కనిపించేది వేరు. ఒక్కో పేజీలో ఎన్ని మాటలకు ఆగిపోయారో, ఎన్నిసార్లు తుడిచి రాశారో కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో చదవడం ఆమెకు కష్టమైతే ఆ పెన్సిల్ మాటలే పనికొస్తాయి కూడా. కానీ ఆమె అడిగినప్పుడే ఇవ్వండి. అడగకపోతే మీ అల్మరాలోనే ఉండనివ్వండి.

ఇవన్నీ ఒక ఎత్తు, నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇంకోటి. కథ మళ్లీ మొదలైతే మీరు వెళ్లి వెనక వరసలో కూర్చోండి. ఐదో సీజన్ నుంచి మీకూ అది కొత్త కథే. సిరీస్‌లో ఏం జరిగిందో ఆమె చెప్తుంది. మీ దగ్గర ఉన్నది వేరు. ఆ పుస్తకాల్లో ఒక్కో అధ్యాయానికి ఒక్కో పాత్ర పేరు ఉంటుంది, ఆ పాత్ర కళ్లలోంచే అంతా చూస్తాం. స్క్రీన్ మీద మొహం కనిపిస్తుంది, లోపల తిరిగేది కనపడదు. మీ అమ్మగారికి ఇష్టమైన ఆ రెక్కల పాముల పిల్ల మొదటి అధ్యాయంలోనే ఒక ఇల్లు తలుచుకుంటుంది, గుర్తుందా? చిన్నప్పుడు ఉన్న ఇల్లు. ఎర్ర తలుపు. తన గది కిటికీ బయట నిమ్మచెట్టు. ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టాక ఇక సొంత చోటు అన్నది లేకుండా తిరుగుతుంది. మరదలు కథ ఆపి మంచినీళ్లు తాగేటప్పుడు, మీరు ఆ నిమ్మచెట్టు ఒక్కటి చెప్పండి. రాజుల వరస చెప్తే మీ అమ్మగారు ఆవులిస్తారు. ఆ చెట్టు గురించి మాత్రం అడుగుతారు.

ఒక హెచ్చరిక. మీరు ఇవన్నీ చేసినా ఆమెకు మళ్లీ చెప్పాలనిపించకపోవచ్చు. ఆ డాబా మీద ఆమెకు ఆ రాత్రి గుర్తొస్తుంటే ఏం చేయగలం? అప్పుడు "నేను చెప్పిన గద, ఇంకేంది?" అని నొచ్చుకోకండి. క్షమాపణకు రసీదు ఉండదు. అమ్మగారు "ఆ పిల్ల చెప్పదా?" అని అడిగితే, "నేను ఒక మాట అన్ననమ్మా, అందుకే" అని నిజం చెప్పండి. కోడలు మొహమాటపడుతోందనో, పనిలో ఉందనో సర్ది చెప్పొద్దు. అలా చెప్తే నింద మళ్లీ ఆమె మీదికే పోతుంది.

సంక్రాంతికి వాళ్లు వచ్చిన మొదటి పూటే ఈ సంగతి ఎత్తకండి. బస్సు దిగి, స్నానాలు చేసి, తినేదాకా ఆగండి. ఒకవేళ మళ్లీ తలనొప్పి అని గదిలోకి వెళ్తే, టాబ్లెట్ ఏమైనా కావాలేమో మీ భార్యతో అడిగించండి. పుస్తకం ఊసు ఎత్తకండి.